రేవుకి ఎన్ని మార్కులు? మోటుపల్లి నుంచి కృష్ణపట్నం దాకా

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఎస్సెల్యే అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. ఫలానా రకం టికెట్‌కి నాలుగు గంటల్లో బదులివ్వాలి, సర్వరు నెలలో ఇన్ని నిమిషాలకి మించి పడిపోకూడదు, పడితే బిల్లులో కోత. ఇదంతా అమెరికా వాళ్ళు కనిపెట్టి మనకి నేర్పిన విద్య అని మనలో చాలామంది అభిప్రాయం. కానీ రేవుకీ వర్తకుడికీ మధ్య ఇలాంటి మాటని ఏకంగా రాతిమీద చెక్కించి మన కోస్తాలోనే పెట్టారు. అదీ 1244-45లో!

అదే మోటుపల్లి అభయశాసనం. వేయించినవాడు కాకతీయ గణపతిదేవుడు. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఓ చిన్న పల్లె, అప్పట్లో పెద్ద రేవు. చిన్నప్పుడు సాంఘిక శాస్త్రంలో రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేశాం కానీ, ఆ శాసనంలో ఏముందో చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. అంతకుముందు రాజులు, తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవారట. ఓడ పోయిందని ఏడుస్తున్న వర్తకుడి దగ్గర మిగిలింది కూడా ఊడ్చేయడమన్నమాట. గణపతిదేవుడు ఇకమీదట అలా చేయం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వర్తకుడిదే అని మాటిచ్చాడు. ఆ సుంకం ఎంత? ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పట్టు, మిరియాలు... ఇలా సరుకుల జాబితా కూడా ఉంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. శాసనంలో "మా రేవు చాలా గొప్పది" అన్న డప్పు లేదు. వర్తకుడికి రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని భయాలు రెండు. ఒకటి, సరుకు మొత్తం పోతుందేమో. రెండు, ఎంత కట్టాలో తెలియకపోవడం. సరిగ్గా ఆ రెంటికే హామీ. అంటే రాజుగారు సేవని తన వైపు నుంచి కాకుండా, కస్టమర్ వైపు నుంచి చూశాడు. ఈ టపాలో నేను చెప్పదల్చుకున్నది కూడా అదే. ఎనిమిది వందల ఏళ్ళలో మన తీరంలో రేవులు వచ్చాయి, పోయాయి, కొలతలు కూడా మారాయి. కానీ ఎవరి వైపు నుంచి కొలుస్తున్నాం అన్న ప్రశ్న మాత్రం అక్కడే ఉంది.

ఇక నెల్లూరు వైపు వద్దాం. గణపతిదేవుడి కాలంలోనే నెల్లూరుని ఏలినవాడు మనుమసిద్ధి, ఆయన మంత్రి మన తిక్కన సోమయాజి. దాయాదుల చేతిలో రాజ్యం పోతే, తిక్కన ఓరుగల్లు వెళ్ళి గణపతిదేవుడి సాయం తెచ్చాడని చదువుకున్నాం కదా. ఆ కాలానికే ఇప్పటి కృష్ణపట్నం ఒక రేవు. పేరు మాత్రం వేరు. కొల్లిత్తురై అనీ, గండగోపాలపట్టణం అనీ 13వ శతాబ్దపు తమిళ శాసనాల్లో కనిపిస్తుంది. అక్కడ వ్యాపారం చేసే వర్తక సంఘాలవాళ్ళు, రేవులో ఎక్కే దిగే సరుకు మీద తమకి తామే ఒక రుసుం వేసుకుని గుడికి ఇచ్చేట్టు ఒప్పుకున్నారు. అంటే అప్పటికే కస్టమర్లు విడివిడిగా కాకుండా ఒక గుంపుగా మాట్లాడేవారు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

తర్వాతి కథ దుగరాజపట్నంది. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1611లో మచిలీపట్నంలో దిగారు. అక్కడ గోల్కొండ అధికారుల వేధింపులు, పక్కనే డచ్చివాళ్ళ పోటీ. విసుగెత్తి 1626లో మన నెల్లూరు తీరంలోని దుగరాజపట్నం దగ్గర ఇంకో స్థావరం పెట్టుకున్నారు. వాళ్ళు దాన్ని ఆర్మగాన్ అని పిలిచేవారు. ఫిరంగులు పెట్టి గోడ కట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు మన దేశంలో కట్టుకున్న మొదటి కోట అదేనంటారు. ఓడలు ఆగడానికి కూడా అదేమంత చెడ్డ చోటు కాదు, సముద్రంలో ఉన్న ఇసుక మేట అలల్ని కొంత ఆపుతుంది.

మరి ఇప్పుడు చెన్నై ఉన్నంత నగరం దుగరాజపట్నంలో ఎందుకు లేదు? ఎందుకంటే కంపెనీవాడికి కావలసింది ఓడలు ఆగే చోటు కాదు, గుడ్డ. అద్దకం గుడ్డ తగినంత, తగిన ధరకి అక్కడ దొరకలేదు. ఈలోపు 1632లో గోల్కొండ సుల్తాను, ఏడాదికి 500 వరహాలు కడితే చాలు, తన రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోండని ఫర్మానా ఇచ్చాడు (మళ్ళీ అదే, ఎంత కట్టాలో ముందే తెలియడం). దాంతో మచిలీపట్నానికి మళ్ళీ కళ వచ్చింది. ఆర్మగాన్‌లో ఉన్న ఫ్రాన్సిస్ డే కొత్త చోటు వెతుక్కుంటూ దక్షిణానికి వెళ్ళి, 1639లో దామెర్ల నాయకుల దగ్గర మద్రాసు ఇసుక తిన్నె సంపాదించాడు. అక్కడ గుడ్డ మిగతా చోట్లకన్నా 20 శాతం చవక అని ఆయన లెక్క.

తమాషా ఏమిటంటే, మద్రాసుకి అసలు రేవే లేదు! ఓడలు నడిసముద్రంలో లంగరేసుకుంటే, మసూలా పడవల్లో అలల మీద ఎగిరెగిరి పడుతూ సరుకు ఒడ్డుకి చేర్చాలి. తడిసింది తడవగా, మునిగింది మునగగా మిగిలింది లెక్క. ఈ రోజుల్లో రేవులకిచ్చే ర్యాంకుల పద్ధతిలో 1639లో మార్కులు వేసి ఉంటే దుగరాజపట్నం పాసు, మద్రాసు ఫెయిలు. కానీ కస్టమరు వేసుకున్న మొత్తం ఖర్చుల లెక్కలో మద్రాసు గెలిచింది. రేవు నాణ్యత వేరు, రేవు వాడుకునేవాడికి అందే సేవ నాణ్యత వేరు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

(అన్నట్టు, దుగరాజపట్నానికి మన కాలంలో కూడా అదృష్టం కలిసిరాలేదు. 2014 విభజన చట్టంలో అక్కడ పెద్ద ఓడరేవు కడతామని రాశారు. ఒక పక్క శ్రీహరికోట, ఒక పక్క పులికాట్, ఇంకో పక్క కృష్ణపట్నం. గిట్టుబాటు కాదని తేల్చారు. చివరికి రామాయపట్నం వైపు మొగ్గి, 2022 జులైలో అక్కడ పనులకి శంకుస్థాపన చేశారు.)

మద్రాసు పెరిగాక నెల్లూరు తీరానికి మిగిలింది బకింగ్‌హాం కాలవ. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్విన చిన్న కాలవ అది. తర్వాత ఉత్తరానికి కొంచెం కొంచెంగా పొడిగించారు. 1876-78 ధాత కరువులో జనానికి పని కల్పించడానికి తవ్విన భాగంతో, 1878 నుంచి గవర్నరు బకింగ్‌హాం పేరు పెట్టారు. మొత్తం కాలవ కాకినాడ నుంచి తమిళనాడు దాకా 796 కిలోమీటర్లు. ఉప్పు, వంటచెరకు, ధాన్యం పడవల్లో మద్రాసుకి వెళ్ళేవి. చవకే, కానీ పోటుపాట్లు చూసుకోవాలి, లాకుల దగ్గర ఆగాలి, పూడిక తీయకపోతే పడవ కదలదు. 1899లో మద్రాసు-బెజవాడ రైలు మార్గం పూర్తయింది. రైలు ఫలానా రోజుకి సరుకు దింపుతుంది. పడవవాడు "రేపో ఎల్లుండో" అంటాడు. కాలవ ఒక్క రోజులో చచ్చిపోలేదు కానీ, వర్తకుడి కొలబద్ద అప్పుడే మారింది. ధర ఒక్కటే సరిపోదు, ఎప్పుడు చేరుతుందో కూడా చెప్పాలి. 1965-66, 1976 తుఫానులు మిగతా పని పూర్తి చేశాయి.

సరే, ఇప్పటి కృష్ణపట్నం. కండలేరు సముద్రంలో కలిసే చోట నవయుగ గ్రూపు కట్టిన ఓడరేవు, 2008 జులై 17న సోనియా గాంధీ ప్రారంభించారు, అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి. మొదట్లో ప్రధానంగా బళ్ళారి ఇనుప ఖనిజం వెళ్ళేది. 2010లో కర్ణాటక ఖనిజం ఎగుమతి ఆపేయడంతో ఆ లెక్క తలకిందులైంది, బొగ్గు దిగుమతి పెద్దదైంది. దగ్గర్లోనే నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం, పంటపాళెం చుట్టూ వంటనూనెల ఫ్యాక్టరీలు. 2012లో కంటైనర్ టెర్మినల్ వచ్చింది. 2019 సెప్టెంబరు 1న వెంకటాచలం-ఓబులవారిపల్లె రైలు మార్గాన్ని, అందులోని ఆరున్నర కిలోమీటర్ల పైచిలుకు సొరంగాన్ని అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు ప్రారంభించారు. దాంతో రాయలసీమ సరుకు గూడూరు, రేణిగుంట చుట్టూ తిరగకుండా నేరుగా రేవుకి రావడానికి దారి పడింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇలాంటి రేవు ఇచ్చే సేవని ఎలా కొలవాలి?

మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో దీనికి ఒక ప్రసిద్ధ జవాబు ఉంది. పరశురామన్, జైతమల్, బెరీ అనే ముగ్గురు 1988లో సర్వ్‌క్వాల్ అనే పద్ధతి ప్రకటించారు. (ఆ పరశురామన్ మన మద్రాసు ఐఐటీలో ఇంజినీరింగ్ చదివినాయనే.) కస్టమర్ ఏం ఆశించాడు, ఏం అందింది, ఆ రెంటి మధ్య తేడా ఎంత అన్నదే అందులో కిటుకు. దాన్ని ఐదు కోణాల్లో అడుగుతారు: చెప్పింది చెప్పినట్టు చేయడం, వెంటనే స్పందించడం, నమ్మకం కలిగించడం, మన బాధ వాళ్ళు అర్థం చేసుకోవడం, కంటికి కనిపించే వసతులు. బ్యాంకులకీ రిపేరు షాపులకీ ఇది బాగానే పనిచేస్తుంది. ఓడల వ్యాపారం దగ్గరికి వచ్చేసరికి తిరకాసు వస్తుంది. ఎందుకంటే, ఇక్కడ కస్టమర్ ఎవరు?

నెల్లూరు జిల్లాలో ఒక రొయ్యల ఎగుమతిదారు ఉన్నాడనుకోండి. చెరువులో పట్టిన రొయ్యని ప్రాసెస్ చేసి, మైనస్ 18 డిగ్రీల కంటైనర్లో పెట్టి అమెరికా పంపాలి. ఆయన డబ్బు కట్టేది షిప్పింగ్ లైనుకి, సాధారణంగా మధ్యలో ఉన్న ఫార్వార్డరు ద్వారా. రేవు టెర్మినల్‌కి ప్రధాన కస్టమరు షిప్పింగ్ లైను. రేవుకీ రొయ్యలాయనకీ మధ్య నేరుగా పెద్ద ఒప్పందమేమీ ఉండదు. మన భాషలో చెప్పాలంటే ఈయన ఎండ్ యూజరు, క్లయింటు కాదు. క్లయింటు సంతకం పెట్టిన ఎస్సెల్యేలో ఎండ్ యూజరు బాధ ఎంత కనిపిస్తుందో మీకు నేను చెప్పాలా!

అందుకే రేవుల కొలతలన్నీ ఓడ చుట్టూ తిరుగుతాయి. ఓడ బయట ఎంతసేపు ఆగింది, బెర్త్ మీద ఎంతసేపు ఉంది, క్రేను గంటకి ఎన్ని పెట్టెలు ఎత్తింది, వచ్చి వెళ్ళేదాకా మొత్తం ఎన్ని గంటలు. ఇవి పనికిరాని లెక్కలని నేననను. కేంద్రం ఆధీనంలో ఉన్న మేజర్ పోర్టుల్లో ఓడ వచ్చి వెళ్ళే సగటు సమయం 2013-14లో దాదాపు 94 గంటలు, 2023-24 కల్లా అది 48 గంటల చిల్లరకి దిగింది. నిజంగా పెద్ద మెరుగుదలే. బొగ్గు తెచ్చుకునే కరెంటు కంపెనీకి ఈ లెక్క నేరుగా డబ్బు కూడా. ఓడ అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులు ఆగితే డెమరేజి కట్టాలి, తొందరగా ఖాళీ చేస్తే ఎదురు కొంత వెనక్కి వచ్చే ఒప్పందాలూ ఉన్నాయి. బొగ్గువాడికి ఓడ గడియారమే తన గడియారం.

కానీ రొయ్యలాయనకి? గుంటూరు మిర్చి వ్యాపారికి? చీమకుర్తి గ్రానైటు పంపేవాడికి? వీళ్ళ గడియారం ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలవుతుంది. బుక్ చేసిన ఓడలోనే పెట్టె ఎక్కిందా, లేక జాగా లేదని వచ్చే వారానికి తోశారా? కొలంబోలో ఓడ మారేటప్పుడు అక్కడే పడి ఉందా? బ్యాంకు ఎల్‌సీలో రాసిన ఆఖరి తేదీ లోపు ఓడ కదిలిందా లేదా? ఒక్క రోజు దాటినా కాగితాలు తప్పని కొనేవాడు ధర తగ్గించమంటాడు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. రెండు రేవులు అనుకోండి. మొదటి రేవులో మీ ఐదు కంటైనర్లకీ సరిగ్గా మూడేసి రోజులు పట్టింది. రెండో రేవులో నాలుగింటికి ఒక్కో రోజు, ఐదోదానికి ఆరు రోజులు. సగటు చూస్తే మొదటిది 3, రెండోది 2. ర్యాంకుల పట్టికలో రెండో రేవు పైన ఉంటుంది. కానీ ఎల్‌సీ ఉన్న వ్యాపారి మొదటి రేవుకే పోతాడు. మూడు రోజులని తెలిస్తే మూడు రోజుల ముందు బయల్దేరతాడు, అంతే. రెండో రేవులో అయితే ప్రతిసారీ ఆరు రోజుల ముందే పంపాలి. సర్వర్ల స్పందనని సగటుతో కాకుండా 95వ, 99వ పర్సెంటైల్‌తో కొలవాలని మనం మీటింగుల్లో కొట్టుకుంటాం కదా, ఇదీ అదే.

దీన్ని ఓడలవాళ్ళు గుర్తించలేదని కాదు. మెర్స్క్ కంపెనీ 2011 అక్టోబరులో ఆసియా నుంచి ఐరోపాకి డైలీ మెర్స్క్ అనే సర్వీసు మొదలుపెట్టింది. రోజూ సరుకు తీసుకుంటాం, చెప్పిన రోజుకి చేరుస్తాం, మూడు రోజుల దాకా ఆలస్యమైతే పెట్టెకి 100 డాలర్లు, నాలుగు రోజులు, ఆపైన అయితే 300 డాలర్లు ఇస్తాం అన్నారు. అచ్చమైన ఎస్సెల్యే, జరిమానాతో సహా. కానీ కస్టమర్లలో చాలామంది ఆ నమ్మకానికి ఎక్కువ ధర కట్టడానికి ముందుకి రాలేదు. 2015 కల్లా అది ఆగిపోయింది. ఆ తర్వాత కోవిడ్ వచ్చింది. ప్రపంచం మొత్తం మీద చెప్పిన సమయానికి చేరే కంటైనర్ ఓడలు 2022 మొదట్లో 30 శాతం చుట్టుపక్కలకి పడిపోయాయి. నూటికి డెబ్భై ఓడలు లేటు! అదే సమయంలో షిప్పింగ్ లైన్ల లాభాలు రికార్డులు బద్దలుకొట్టాయి. కస్టమరుకి వేరే దారి లేనప్పుడు సేవ నాణ్యత ఎంత పడిపోయినా బిల్లు పెరుగుతుందని అప్పుడు తెలిసొచ్చింది.

మళ్ళీ కృష్ణపట్నానికి. 2020 అక్టోబరులో అదానీ పోర్ట్స్ ఈ రేవులో 75 శాతం వాటా కొంది, 2021లో మిగతా 25 శాతం కూడా. అదే గ్రూపుకి దక్షిణాన కాట్టుపల్లిలో రేవు, ఎన్నూరులో కంటైనర్ టెర్మినల్ అప్పటికే ఉన్నాయి. 2024 మొదట్లో కృష్ణపట్నానికి కంటైనర్ ఓడల రాక ఆగిపోయి పెద్ద గొడవైంది. కంటైనర్లు తమిళనాడు రేవులకి తరలించేస్తున్నారని, వేలమంది ఉపాధి పోతుందని స్థానిక నాయకులు ఆందోళనకి దిగారు. రాజకీయం జోలికి నేను పోను. మూడు టెర్మినళ్ళున్న యజమాని ఏ సరుకు ఎక్కడ దించితే తనకి గిట్టుబాటో లెక్క చూసుకోవడం వ్యాపారంలో వింతేమీ కాదు.

నన్ను ఆపింది మాత్రం కొలతల సంగతి. వరసగా చూడండి. 2023 డిసెంబరులో కేంద్ర వాణిజ్య శాఖ రాష్ట్రాల సరుకు రవాణా సౌకర్యాల మీద లీడ్స్ నివేదిక ఇచ్చింది. తీరప్రాంత రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ది పై తరగతి. తర్వాత కొద్ది వారాలకే కృష్ణపట్నం కంటైనర్ల గొడవ. 2024 జూన్‌లో ప్రపంచ బ్యాంకు, ఎస్ అండ్ పీ కలిసి 2023 సంవత్సరానికి కంటైనర్ రేవుల పనితీరు ర్యాంకులు ప్రకటించాయి. 405 రేవుల్లో మన దేశానివి తొమ్మిది మొదటి వందలో ఉన్నాయని అందరం చప్పట్లు కొట్టాం. విశాఖ 19, ముంద్రా 27. ఆ తొమ్మిదిలో కృష్ణపట్నం కూడా ఉంది, 71వ స్థానం!

అంటే చెన్నైకన్నా, ముంబై పక్కన ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకన్నా మెరుగైన ర్యాంకు. ఆ ర్యాంకు అబద్ధం కాదు. ఓడ రేవులో గడిపిన సమయాన్ని కొలిచారు, 2023లో ఆ సమయం బాగుంది, అంతే. కానీ ఆ పట్టిక అచ్చయ్యేనాటికి, నెల్లూరు వ్యాపారి కంటైనరు పట్టుకుని చెన్నై వైపు లారీ కట్టించుకోవలసిన పరిస్థితి చూసేశాడు. ఆఫీసుల్లో దీన్ని పుచ్చకాయ రిపోర్టు అంటాం. పైన అంతా పచ్చ, కోస్తే లోపల ఎరుపు.

తప్పు కొలిచినవాళ్ళది కాదు. "ఈ సేవ రేపు ఉంటుందా?" అన్న ప్రశ్న ఆ పట్టికలో లేదు. సర్వ్‌క్వాల్ ఐదు కోణాల్లోనూ నేరుగా లేదు. వ్యాపారి మాత్రం తన డబ్బుతో ఆ ప్రశ్నకే పందెం కాస్తాడు. రేవుని నమ్మి ఒకడు కోల్డ్ స్టోరేజి కడతాడు, ఒకడు గోడౌను కడతాడు, ఒకడు అప్పు చేసి నాలుగు ట్రెయిలర్లు కొంటాడు. ఇవన్నీ ఇరవై ఏళ్ళ లెక్కలు. మరి రేవు నాణ్యతని కొలిచేది ఒక ఏడాది లెక్కతో.

నా ఉద్దేశ్యంలో నాలుగు ప్రశ్నలు కలపాలి. ఒకటి, బుక్ చేసిన ఓడలోనే ఎక్కిన కంటైనర్లు నూటికి ఎన్ని? రెండు, ఫ్యాక్టరీ గేటు నుంచి ఓడ కదిలేదాకా సగటు కాదు, నూటికి 95 పెట్టెలకి ఎన్ని రోజుల్లోపు అయింది? మూడు, చివరికి వచ్చిన బిల్లుకీ మొదట చెప్పిన ధరకీ తేడా ఎంత? నాలుగు, సర్వీసు ఆపేయాలనుకుంటే ఎన్ని నెలల ముందు చెప్తారు? ఇందులో మొదటి మూడింటికి కావలసిన డేటాలో చాలాభాగం ఈపాటికే ఉంది. 2016 నుంచి లాజిస్టిక్స్ డేటా బ్యాంక్ పేరుతో మన దేశంలో కంటైనర్లకి ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు తగిలించి జాడ చూస్తున్నారు. పెట్టె ఎక్కడుందో తెలుస్తోంది. దాన్ని రేవు కోణం నుంచి కాకుండా చిన్న ఎగుమతిదారు కోణం నుంచి క్వెరీ రాయడమే మిగిలింది. అది మనకి పెద్ద పనా?

నాలుగోది డేటాతో తేలేది కాదు. అడిగేవాడు ఉండాలి. ఒక్క రొయ్యలాయన అడిగితే ఎవడూ పట్టించుకోడు. కొల్లిత్తురై వర్తకులు ఆ రోజుల్లో ఒక్క మాటగా ఒప్పందం రాయించగలిగారంటే, సంఘంగా ఉన్నారు కాబట్టే. రొయ్య, మిర్చి, గ్రానైటు, పొగాకు వాళ్ళు కలిసి తమ లెక్కలు తామే వేసుకుని ఏటా బయటపెడితే, ఆ పట్టికకి ప్రపంచ బ్యాంకు పట్టికకన్నా మన తీరంలో విలువ ఎక్కువ.

రేపు రామాయపట్నం తయారైనప్పుడు మళ్ళీ లోతెంత, బెర్తులెన్ని, ఎన్ని కోట్లు అన్న లెక్కలే పేపర్లలో వస్తాయి. అవి చదివాక ఒక్కసారి మోటుపల్లి రాతి స్తంభాన్ని గుర్తుచేసుకోండి. గణపతిదేవుడు అందులో రేవు లోతు ఎంతో చెప్పలేదు. నీకు నష్టం వస్తే నేనేం చేస్తానో, నీ దగ్గర ఎంత తీసుకుంటానో చెప్పాడు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకి మళ్ళీ హామీలిస్తూ కొత్త శాసనం వేయించాడు. రాజ్యం మారితే ఎస్సెల్యే రెన్యువల్ చేయాలని వాళ్ళకి తెలుసు. రేవు చేతులు మారినప్పుడు మనకి అలాంటి రాయి ఒక్కటీ ఎవరూ వేయించలేదు, అదీ నా బాధ.